రంగులక్క కొనుక్కొచ్చిన బల్లులు

పెయింట్ల షాపులో రంగులు కలిపే ఆవిడని ఊరంతా రంగులక్క అనేది. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. ఎవరైనా గోడపెచ్చు ఒకటి కాగితంలో చుట్టి తెచ్చి అచ్చం ఇదే రంగు కావాలంటే, దాన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళి వెలుతురులో చూసి, మళ్ళీ నీడలో చూసి, తెల్లరంగు డబ్బాలో ఏ రంగు ఎన్ని చుక్కలు పడాలో చెప్పేసేది. షాపులో రంగులు కలిపే మిషను లేకపోలేదు. కాని మిషను కలిపింది నచ్చకపోతే డబ్బా చివరికి ఆవిడ బల్ల మీదికే వచ్చేది. తన కన్ను మీద ఆవిడకి అంత నమ్మకం. ఆ నమ్మకమే ఆవిడని బల్లుల పాలు చేసింది.

పక్కవీధిలో పెంపుడు జంతువుల షాపు ఉంది. షాపాయన గోడలకి కొత్త రంగు వేయించుకుందామనుకుని, ఏది బాగుంటుందో వచ్చి చూసిపెట్టమన్నాడు. రంగులక్క వెళ్ళింది. గోడలు తడిమి చూసింది, కిటికీలోంచి వెలుగు ఎటు పడుతోందో చూసింది, ఇక వెళ్ళొస్తానని వెనక్కి తిరగబోతూ ఒక గాజుపెట్టె ముందు ఆగిపోయింది. లోపల చిన్న బల్బు కింద, రాతిపలక మీద, జానెడు బల్లి ఒకటి పడుకుని ఉంది. ఒళ్ళంతా నారింజరంగు. తోక తెలుపు. వీపు మీద కుంచె విదిలిస్తే పడ్డ తుంపరల్లా నల్లచుక్కలు. అలాంటి నారింజ కలపాలని ఆవిడ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ప్రయత్నిస్తోంది. ఎరుపు కాస్త ఎక్కువైతే ఇటుకైపోయేది, పసుపు కాస్త ఎక్కువైతే వెలవెలబోయేది. ఇక్కడ చూస్తే ఆ రంగు తీరిగ్గా పడుకుని ఊపిరి తీస్తోంది.

ఇవి గోడలెక్కే బల్లులు కావనీ, లెపర్డ్ గెకోలంటారనీ, నేల మీదే తిరుగుతాయనీ, వీటిలో ఎన్నో రంగులున్నాయనీ, ఒక్కో రంగుకి ఒక్కో రకం పేరుందనీ షాపాయన చెప్పాడు. మరి ఇది ఏ రకమని అడిగితే బుర్ర గోక్కున్నాడు. ఎవరో పెంచలేక వదిలించుకుంటే తెచ్చాడట. తనకి తెలిసినంతలో ఈ నారింజది టాంజరీన్, పక్కపెట్టెలో ఉన్న పాలిపోయినది స్నో, అంటే మంచురకం. ఆయనకి చిలకల గురించి బాగా తెలుసు, చేపల గురించి కొంత తెలుసు. బల్లుల గురించి మాత్రం అమ్మినవాడు చెప్పినంతే తెలుసు. ఒకటి ఆడ, ఒకటి మగ అని కూడా అదే ధీమాతో చెప్పాడు.

రంగులక్క మనసు అప్పుడే పరుగు మొదలుపెట్టింది. నారింజరంగులో తెలుపు కలిస్తే ఏమవుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కాని ప్రాణమున్న నారింజ, ప్రాణమున్న తెలుపు కలిస్తే? గోడల సంగతి గాలికి పోయింది. రెండింటినీ పెట్టెల్లో పెట్టించుకుని ఇంటికొచ్చింది.

ఇంట్లో ఉండేది ముగ్గురు: ఆవిడ, భర్త, అత్తగారు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నోట్లోంచి మాట ఊడిపడితే పండగే. అత్తగారు ఒకప్పుడు బడిలో డ్రిల్లు టీచరు, గొంతెత్తితే నాలుగిళ్ళకి వినబడేది. పెట్టెలోకి తొంగిచూసి, "గోడ మీద ఊరికే తిరిగేవాటినేమో చీపురు పెట్టి తరుముతాం. దుకాణంలో కొనుక్కునేవి వేరే ఉంటాయా, అమ్మాయ్?" అంది. అప్పుడే నారింజది ఆవిడకేసి చూసి కళ్ళు మూసి తెరిచింది. మామూలు బల్లికి రెప్పలుండవు. అత్తగారు రెండడుగులు వెనక్కి వేసింది. భర్త మాత్రం బల్బు వైరు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, వేడి ఎక్కువైతే ఆగే ఏర్పాటు లేదన్నాడు. ఆ సాయంత్రమే పాత సామాన్ల డబ్బాలోంచి ఏదో తీసి అది కూడా బిగించేశాడు.

నారింజదానికి నారింజ అనీ, తెల్లదానికి సున్నం అనీ పేర్లు పడ్డాయి. రంగులక్క షాపునుంచి రంగుల నమూనాలున్న షేడ్ కార్డు తెచ్చి గాజుకి ఆనించి, సున్నం ఏ తెలుపో చూసుకుంది. రంగులు సరిగ్గా కనబడాలని పెట్టెల పైన రెండు ట్యూబులైట్లు పెట్టించింది. కింద అందంగా ఉంటుందని గోడలకి వేసే గరుకు రంగులో కలిపే ఇసక పరిచింది.

నారింజ మొదటిరోజు నుంచే గుండ్రంగా తిరిగేది. తల ఒక పక్కకి వాల్చి, ఉన్నచోటే చుట్లు కొట్టేది. నాట్యమాడుతోందని మురిసిపోయి రంగులక్క ఫోన్లో వీడియో తీసి షాపుకొచ్చినవాళ్ళందరికీ చూపించింది. సున్నం మాత్రం బోర్లించిన కుండపెంకు కిందినుంచి బయటికి రాలేదు. పురుగులు వేస్తే ముట్టుకోలేదు. పైగా రోజురోజుకీ ఇంకా తెల్లబడింది. రంగులక్కకి తిండి సంగతి తట్టలేదు, తెలుపే కనబడింది. పెంపుడు జంతువుల షాపాయనకి ఫోను చేసి, ఇది అసలు సిసలు మంచురకమేనని చెప్పింది. అంత మంచిదాన్ని చవగ్గా ఇచ్చేశానే అని ఆయన కాసేపు బాధపడ్డాడు.

మర్నాడు పొద్దున్న అత్తగారు కేకేసింది. రంగులక్క పరుగెత్తుకొచ్చి చూస్తే, సున్నం ఒంటిమీది తెల్లటి పొర చిరిగి వేలాడుతోంది. అది ఆ పొరని నోటితో లాగి నమిలేస్తోంది.

"తన చొక్కా తనే తింటోందే," అంది అత్తగారు.

పొర వదిలిన చోట నిమ్మపండు పసుపు బయటపడింది. దాని మీద లేత గోధుమరంగు పట్టీలు. ఇన్నాళ్ళూ మంచనుకున్నది కుబుసం విడిచే ముందు వచ్చే మసక తెలుపు. వెనకనుంచి భర్త వచ్చి చూసి, "మంచు కరిగిపోయింది," అన్నాడు. ఆ నెలలో ఆయన వేసిన జోకు అదొక్కటే.

రంగులక్క నవ్వలేకపోయింది. ఇరవై ఏళ్ళుగా రంగులు కలిపిన కన్ను ఒక బల్లి చేతిలో ఓడిపోయింది. షేడ్ కార్డు తిరగేస్తూ మళ్ళీ పోల్చబోతుంటే అత్తగారు ఆపింది. బళ్ళో పొద్దున్నే పిల్లల్ని వరసలో నిలబెట్టి గోళ్ళు చూసిన అలవాటు ఆవిడకి పోలేదు. సున్నం కాలివేళ్ళకి పాత పొర దారం చుట్టినట్టు అలాగే ఉండిపోయిందనీ, ఒక వేలి కొస నల్లబడిందనీ చూపించింది. తోక చూస్తే పెన్సిలంత సన్నం. రంగులక్క షేడ్ కార్డు పక్కన పడేసింది. సెలవు పెట్టి, భర్తని వెంటబెట్టుకుని, రెండు పెట్టెలూ జంతువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని సున్నాన్ని అరచేతిలోకి తీసుకుంది. ఇది ఏ రకమండీ అన్నది రంగులక్క మొదటి ప్రశ్న. రంగు చివర చూద్దామని డాక్టరమ్మ తోక దగ్గర మొదలుపెట్టింది. ఈ బల్లులు కొవ్వు దాచుకునేది తోకలోనే. తోక సన్నబడిందంటే దాచుకున్నదంతా తినేసిందని అర్థం. దవడ మెల్లగా నొక్కి చూసి గట్టిగానే ఉందంది. కాళ్ళు వంకర పోలేదంది. అంటే ఎముకలకి లోటు లేదు, పురుగులకి కాల్షియం పొడి అద్ది పెడితే చాలు. వేళ్ళని గోరువెచ్చటి నీళ్ళలో నాననిచ్చి, దూదిపుల్లతో పొరని దొర్లించి తీసింది. పెట్టెలో తడిగుడ్డ పరిచిన చిన్న డబ్బా ఒకటి ఉంచితే కుబుసం సాఫీగా పోతుందని చెప్పింది. ఇసక మింగితే కడుపులో గడ్డకడుతుందనీ, అది తీసేసి కాగితం పరవమనీ అంది. పెంట పరీక్ష చేయిస్తే కడుపులో నులిపురుగులు కూడా ఉన్నాయని తేలింది. వాటికి మందిచ్చింది.

ఆ తర్వాత సున్నాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రంగులక్కని పిలిచింది. ఒంటిమీద నలుపన్నది ఎక్కడైనా ఉందేమో చూడమంది. వెతికితే ఒక్క చుక్క కూడా లేదు, ఉన్నదంతా గోధుమరంగే. కన్ను గులాబీ కలిసిన వెండిలా ఉంది. అది మంచురకం కాదు, ఒంట్లో నలుపు పుట్టని ఆల్బినో. వెలుగంటే దానికి పడదు. మీ ట్యూబులైట్ల కింద పాపం కళ్ళు తెరవలేక తిండి మానేసి ఉంటుందంది డాక్టరమ్మ.

రంగులక్క ముఖం చిన్నబోయింది. "నేను చూసుకోవడానికి దీని కళ్ళు మూయించానన్నమాట," అంది.

నారింజ వంతు వచ్చింది. బల్ల మీద దింపగానే అది అలవాటు ప్రకారం చుట్లు మొదలుపెట్టింది. ఎంత ముద్దుగా ఆడుతోందో చూడండనబోయి, డాక్టరమ్మ ముఖం చూసి రంగులక్క మాట మింగేసింది. డాక్టరమ్మ దాన్ని వెల్లకిలా పెట్టింది. అది తిన్నగా తిరగడానికి చాలాసేపు తంటాలు పడింది. కాల్షియం తక్కువైనా, చెవిలో చీము పట్టినా, దెబ్బ తగిలినా ఇలా కావచ్చని అవన్నీ చూసింది. ఎక్స్‌రే తీసింది. ఏదీ కాదు. అప్పుడు వీపు మీది తుంపర చుక్కల్నీ తెల్లతోకనీ చూపించి, ఇది ఎనిగ్మా అనే రకంలా ఉందని చెప్పింది. చుక్కల్ని ఇలా చెదరగొట్టే లక్షణంతోపాటే తల వాలడం, చుట్లు తిరగడం కూడా వస్తాయట. కొన్నింటికి కొద్దిగా, కొన్నింటికి ఎక్కువగా. రెండూ ఆడవేనని చివర్లో తేల్చింది.

"ఈ రంగు ఉంచి ఆ జబ్బొక్కటీ తీసేయడం కుదరదా డాక్టరుగారూ?" అని అడిగింది రంగులక్క.

"కుదరదండీ. ఆ రెండూ ఒకే చోటినుంచి వచ్చాయి. కంగారు పెట్టకుండా, పెట్టె మాటిమాటికీ మార్చకుండా, తిండి నోటికి అందిస్తే హాయిగా బతుకుతుంది. పిల్లల్ని మాత్రం పెట్టించకండి."

ఇంటికొచ్చి ఈ సంగతంతా అత్తగారికి చెప్పింది. ఆవిడ లేచి వెళ్ళి నారింజ పెట్టె ముందు పీట వేసుక్కూర్చుంది. కొన్నేళ్ళుగా అత్తగారి తల ఆగకుండా అడ్డంగా ఊగుతోంది. ప్రాణానికేం ఫరవాలేదన్నారు, మందులిచ్చారు, కొంత తగ్గింది. కాని కూరలు తూచేవాడు ఆవిడ వద్దంటోందనుకుని వేసిన కూరలు వెనక్కి తీసేవాడు. బస్సులో ఎవరైనా పలకరిస్తే, చెప్పేది పూర్తికాకముందే కాదంటోందనుకునేవారు. దాంతో ఆవిడ గడప దాటడం మానేసింది. ఇప్పుడు గాజుకి ఇవతల ఆవిడ తల ఊగుతోంది, అవతల నారింజ తల వాలి ఉంది. చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

"నీకూ ఆగదా?" అంది అత్తగారు.

ఆ రోజునుంచి నారింజకి తిండి పెట్టే పని ఆవిడదే అయింది. పురుగుని పట్టకారుతో పట్టుకుని ముందుపెడితే, నారింజ గురిచూసి దూకి ప్రతిసారీ కుడివైపు గాలిని కరిచేది. నాలుగు రోజులు గమనించి అత్తగారు కిటుకు పట్టేసింది: పురుగుని దాని మూతికి ఎదురుగా కాకుండా కాస్త కుడికి జరిపి పెట్టాలి. తల ఊగితే ఊగనీ, విజిలు పట్టిన ఆ చెయ్యి మాత్రం కదిలేది కాదు. "సావధాన్" అని మెల్లగా అనేది. నారింజ దూకి పట్టుకునేది. రంగులక్క షాపునుంచి రాగానే, ఇవాళ ఎన్నిసార్లు తప్పిందో, ఎలా సర్దుకుందో పూసగుచ్చినట్టు చెప్పేది. అత్తాకోడళ్ళు అంతసేపు మాట్లాడుకోవడం భర్త కూడా కొత్తగా చూశాడు.

ట్యూబులైట్లు దిగిపోయాయి. మసక చీకటి పడగానే సున్నం కుండపెంకు కిందినుంచి బయటికొచ్చి కళ్ళు విప్పి తినడం మొదలుపెట్టింది. నల్లబడ్డ వేలి కొస రాలిపోయింది, తక్కినవి నిలిచాయి. తోక మెల్లమెల్లగా బొద్దుగా తయారైంది. దాని పసుపు షేడ్ కార్డులో ఏ పేరు కింద వస్తుందో చూడాలని రంగులక్కకి చెయ్యి లాగేది. కాని ముందు తోక చూసేది, తర్వాత వేళ్ళు, తర్వాత కళ్ళు. అవయ్యాకే రంగు.

ఒకనాడు పెంపుడు జంతువుల షాపాయన ఒక డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు. అందులో మంచి మగబల్లి ఉంది. నారింజ వీడియో నలుగురికీ పాకిందట, ఆ రంగు పిల్లలు కావాలని జనం వెంటబడుతున్నారట. జత కట్టిద్దాం అన్నాడు. రంగులక్క ఆ మగదాన్ని చూసింది. లేత పసుపు, మీద ఊదా నీడ. దీనితో నారింజ కలిస్తే పుట్టే రంగులు ఆవిడ కళ్ళముందు వరసగా నడిచివెళ్ళాయి. బల్లుల్ని కొన్నదే అందుకు. తర్వాత డబ్బా మూత పెట్టేసింది.

"వద్దండీ. రంగుతోపాటు తల వాలడమూ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది, కొన్నింటికి మరీ ఎక్కువగా."

"అన్నింటికీ ఎక్కువ రాదు కదమ్మా, కొన్నింటికే కదా."

"ఏ కొన్నింటికో గుడ్డులో ఉండగా నాకెలా తెలుస్తుంది?"

షాపాయన సాయానికన్నట్టు అత్తగారికేసి తిరిగాడు. ఆవిడ పట్టకారు కింద పెట్టింది. "తల ఊగితే బతకలేమని కాదు బాబూ. బతుకుతాం. కాని కోరి తెచ్చుకోం కదా," అంది.

ఆయన డబ్బా తనవైపు లాక్కున్నాడు. టీ తాగాడు. వెళ్ళబోతూ, ఈసారి కొత్తవి వచ్చాయనీ, వాటిలో ఏది ఆరోగ్యంగా ఉందో ఏది లేదో తనకి పోల్చుకోవడం తెలియదనీ నిజాయితీగా ఒప్పుకున్నాడు. నేనొచ్చి చూస్తానంది అత్తగారు. భర్త తాగుతున్న టీ గొంతులో అడ్డంపడింది.

ఆదివారం ఆవిడ నిజంగానే చీర మార్చుకుని బయల్దేరింది. షాపులో ఒక్కో డబ్బా ముందూ ఆగి తోక, వేళ్ళు, కళ్ళు, నడక చూసి, కుబుసం ఇరుక్కున్నవాటిని ఒక పక్కకీ, బక్కచిక్కినవాటిని ఇంకో పక్కకీ పెట్టించి, ముందు వీటిని డాక్టరమ్మకి చూపించమంది. రంగులక్క ఒక వంకాయరంగు పిల్ల దగ్గర అతుక్కుపోయింది. అత్తగారు మాత్రం మూలనున్న ఒక మామూలు పసుపుబల్లిని ఎంచింది. నల్లమచ్చలు, పేరూ ఊరూ లేని రంగు, ఎవరూ కన్నెత్తి చూడనిది. తోక వేలంత లావుంది. అరచేతిలో పెడితే తిన్నగా నడిచి మోచేతి దాకా వెళ్ళిపోయింది. వాదన చాలాసేపు నడిచింది. అత్తగారే గెలిచింది.

తిరుగుప్రయాణంలో బస్సు కిక్కిరిసిపోయింది. అత్తగారికి కిటికీ పక్క సీటు దొరికింది, రంగులక్క కమ్మీ పట్టుకుని నిలబడింది. ఒళ్ళో డబ్బా పెట్టుకుని తల ఊపుకుంటూ కూర్చున్న పెద్దావిడని చూసి, పక్కసీటాయన ముచ్చటపడి అందులో ఏముందమ్మా అని అడిగాడు.

"బల్లి," అంది ఆవిడ.

పక్కసీటు ఖాళీ అయింది. అత్తగారు కాస్త జరిగి, కూర్చోమని కోడలికి సైగ చేసింది.