అచ్చులో మిగిలిన పోగులు

ఆ వానాకాలం ఖాడీ వాగు పొంగి, జోల్వాలోని మా కార్ఖానాలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. ఇరవై నాలుగు మరమగ్గాలు మూడు రోజులు మునిగే ఉన్నాయి. నీళ్లు దిగాక సేఠ్ తాళం వేశాడు. సగం మంది నేతగాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు.

సోమలింగం కాకాది నేత పని కాదు, అతుకు పని. మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు, దువ్వెన లాంటి అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటే ముడివేయాలి. రెండు వేల నాలుగు వందల ముడులు. పోగు జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని పొద్దున కూర్చుంటే, సాయంత్రంలోపు లేచేవాడు. ముప్పై ఏళ్లుగా ఏ కార్ఖానా పిలిస్తే అక్కడికి వెళ్లాడు కాబట్టి ఏ హాజరు పట్టీలోనూ అతని పేరు లేదు.

రెండు నెలలకు ఒక సంస్థ వచ్చింది. మోటార్లు బాగు చేయించింది. వరదలో పని పోయినవాళ్లకు మళ్లీ పని ఇప్పిస్తామంది. నాకు చదవడం వచ్చని ఫారాలు నింపే బాధ్యత నా నెత్తిన పెట్టారు. ఇలాంటి సంస్థల నివేదికలు కొన్ని చదివాను. వాటిలో అందరూ కోలుకుంటారు.

సంస్థ మేడమ్ ట్యాబ్‌లో కాకా పని పేరు వెతికింది. నేత ఉంది, మెకానిక్ ఉంది, దర్జీ ఉంది. అతుకు లేదు. హెల్పర్ అని పెట్టనా అని హిందీలో అడిగింది.

"పెట్టుమను," అన్నాడు కాకా.

"ముప్పై ఏండ్ల పనికి హెల్పరా? నేను చెప్ప."

"చెప్పకుంటే మీ చిన్నమ్మకు నువ్వే జవాబియ్యి. ఈ వారం పని దొర్కకుంటే ఊరికి బండెక్కుదామంటున్నది. ఆడ ఇప్పుడు నన్నెవడు పిలుస్తడు?"

చెప్పాను.

మర్నాడు కార్ఖానా తెరిచారు. సూపర్‌వైజర్ పరుశురాం మా ఊరి వైపువాడే. హెల్పర్లందరి చేతుల్లో కత్తెరలు పెట్టి, బురద పట్టిన పోగులన్నీ కోసి మగ్గాలు సాఫ్ చేయమన్నాడు. అప్పటికే రెండు మగ్గాలు బోడిగా తేలాయి. కాకా మూడో మగ్గం దగ్గరకు పరుగెత్తి, అచ్చు మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"కోయకుండ్రిరా!"

"ఏంది కాకా గిది? హెల్పర్‌వి హెల్పర్ లెక్క ఉండు. కత్తెర పడుతవా, ఇంటికి పోతవా?"

"కొసలు పోతే ఒక్కొక్క పోగు మళ్ల అచ్చుల నుంచి ఎక్కియ్యాలె. ఒక్కో మగ్గానికి రెండు దినాలు. ఎవడు ఎక్కిస్తడు, నువ్వా? నీ అద్దాలు నెత్తి మీదుంటే టేబుల్ కింద దేవులాడేటోనివి."

అందరూ నవ్వారు. పరుశురాం మొహం ఎర్రబడింది. ఈ ముసలాయన పేరు కొట్టేయమని మేడమ్‌కు ఫోన్ చేశాడు.

ఆమె వచ్చేసరికి కాకా తడిగుడ్డతో పోగుల బురద తుడుస్తున్నాడు. పాలిస్టర్ నీళ్లకు కుళ్లదు. నేను హిందీలో వాదించబోతే చేత్తో ఆపాడు. చాయ్ బండి పొయ్యిలోంచి బూడిద తెప్పించుకుని కొత్త పడుగు అతకడానికి కూర్చున్నాడు. మేడమ్ కాసేపు నిలబడి చూసి, తర్వాత ఒక డబ్బా బోర్లించుకుని కూర్చుంది. ఎవరి పేరు కొట్టేయాలని అడగనే లేదు.

సాయంత్రం మగ్గం నడిచింది. మొదట జానెడు బట్ట మట్టిరంగులో వచ్చింది, ఆ తర్వాత తెల్లగా. కోసేసిన రెండింటికి పోగులు ఎక్కించే మనిషి ఇంకా దొరకలేదు.

మిగతా ఇరవై ఒక్కటీ నువ్వే అతకాలి, పక్క ఊరు కడోదరా కార్ఖానాల్లో కూడా నీకు పని ఉంది అంది మేడమ్ కాకాతో. కాకా పేరు పక్కన హెల్పర్ అన్న మాట మార్చమన్నాను. ట్యాబ్‌లో ఆ ఖానా, ఆ గడే లేదంది. ఖానా లేని మనిషే ఈ మగ్గాన్ని నడిపించాడన్నాను. పై ఆఫీసుకు రాస్తానంది. రాస్తుందని నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను.

కాకా అప్పటికే పక్క మగ్గం ముందు కూర్చున్నాడు.

"ఆమెతోని లొల్లి చాలు గానీ, ఇటొచ్చి కూసో. పోగులందియ్యి."

"నీకు జర కూడ కోపం రాదా కాకా?"

"వస్తది. చేతులు ఖాళీగుంటే మస్తు వస్తది."

కూర్చున్నాను. మొదటి పది పోగులు నా వేళ్లలోంచి జారిపోయాయి.