వేరుశెనగ మొక్క పీకే వేషం

ఇరవై ఏళ్లుగా నేను పౌరాణిక నాటకాల్లో రాజుని. పగలు రాయదుర్గంలో మోటారు పంపులు బాగుచేస్తాను, వేదికెక్కితే మాత్రం సింహాసనం దిగను. పద్యం చివర రాగం తీస్తే జనం 'వన్స్ మోర్' అనాలి. అనకపోతే ఆ పూట నాకు అన్నం సయించదు. ఈ బలహీనత సంగతి నాకు తెలుసు, మానుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

అలాంటి నన్ను కొత్త నాటకంలో రైతు వేషం వేయమన్నాడు మా దర్శకుడు. అతను జీన్స్ కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టరు, నాకన్నా చిన్నవాడు. పద్యం లేదు, కిరీటం లేదు. వాన రాక ఎండిన చేలో ఒక వేరుశెనగ మొక్క పీకి చూడాలి, అంతే. రైతు కొడుకుని, నాకిదొక పనా అనుకున్నాను. రిహార్సల్లో మొక్క పీకి, గుండెకు హత్తుకుని, ఆకాశం వైపు చెయ్యి చాచాను.

"అన్నా, చేనుకాడికి పోయినావా, యుద్ధానికి పోయినావా?" అన్నాడు దర్శకుడు. "ఆదివారం లోపల నాకు రైతు కనపడకుంటే ఈ వేషం ఇంగొకరికి ఇస్తా. ఏమీ అనుకోవద్దు."

అనుకోకుండా ఎలా ఉంటాను? ఒళ్లు మండింది. మరునాడే బస్సెక్కి, గుమ్మఘట్ట దగ్గర మా ఊళ్లో ఉన్న నాయన దగ్గరికి పోయాను. ఆ ఏడు మా చేను నాటకంలో చేనుకంటే బాగా ఎండింది. చూసి నేర్చుకోవడానికి వచ్చానని చెప్పడమే నేను చేసిన తప్పు. నాయన లోపలికి పోయి ఉతికిన పంచె కట్టుకొచ్చాడు. చేలో నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఓ వరుణదేవా!" అని గొంతెత్తాడు. నా నాటకాలన్నీ ముందు వరుసలో కూర్చుని చూసిన మనిషి మరి.

"నాయనా, నువ్వు నటించాకు!"

"నువ్వు మాత్రం ఇరవై ఏండ్లుగా ఏం చేస్తాండావప్పా?"

లాభం లేదని, వెళ్లొస్తానని చెప్పి గట్టు మీద వేపచెట్టు చాటున నిలబడ్డాను. నాయన పంచె ఎగ్గట్టి మొక్కలు పీకడం మొదలుపెట్టాడు. కాయలు లేవు, ఉన్న ఒకటీ అరా తాలు. ఆయన ఆకాశం వైపు చూడలేదు, నిట్టూర్చలేదు. పీకిన ప్రతి మొక్కనూ మడమకేసి రెండుసార్లు కొట్టి, వేళ్ల మట్టి రాల్చి, పక్కన పెడుతున్నాడు. కాయ లేకపోయినా ఆ మొక్క, మేం కట్టె అంటాం, ఎద్దులకు మేత. మట్టితో పెడితే అవి ముట్టవు. చెట్టు చాటున నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి, చీపురు పొరకను మడమకేసి కొడుతూ సాధన చేశాను.

"పుల్లలన్నీ రాలిపోతాండాయి, రేపు దేంతో కసువు కొట్టేది?" అంది నా భార్య.

ఆదివారం రిహార్సల్ చూసి దర్శకుడు వేషం నాకే ఉంచాడు.

నాటకం రోజు నాయన ముందు వరుసలోనే ఉన్నాడు. నేను మొక్క పీకాను, తాలు కాయలు చూశాను, మడమకేసి రెండుసార్లు కొట్టి పక్కన పెట్టాను. ఇంతలో వెనక నుంచి ఎవరో అలవాటుగా "వన్స్ మోర్!" అన్నారు. పదిమంది అందుకున్నారు. దాచడమెందుకు, నా చెయ్యి మళ్లీ మొక్క మీదికి పోయింది.

నాయన లేచి జనం వైపు తిరిగాడు.

"వద్దప్పా," అన్నాడు. "ఒగసారి ఎండింది సాలు."