నకలు సారు, పచ్చ టిక్కులు

ఆ ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసే ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు జీతాల విభాగంలో తప్ప ఎక్కడా లేరు. అందరికీ ఆయన నకలు సారే. ఇంటి తాళంచెవికి నకలు, కళ్లజోడుకి నకలు, ఆఖరికి గొడుక్కి తోడు ఇంకో గొడుగు. "అన్నిటికీ ఇంకోటి ఉంచుకునే మనిషి. నాక్కూడా ఎక్కడైనా ఉంచాడేమోనని నా భయం" అని భార్య వచ్చినవాళ్లందరి ముందూ అనేది. ఆయన ముసిముసిగా నవ్వి ఊరుకునేవాడు.

నీ ఉద్యోగమేమిటి నాయనా అని ఒకసారి అత్తగారు అడిగింది. "ప్రతి అంతస్తులోనూ ఒక పెట్టె ఉంటుందండీ. స్విచ్ అంటారు. కంప్యూటర్ల తీగలన్నీ దాన్లోకే వస్తాయి. ఏ తీగ ఎవరిది, ఎవరి మాట ఎవరికి చేర్చాలి అన్నదంతా దానికి నేర్పి పెడతాం. దాన్ని కాన్ఫిగరేషన్ అంటారు. పెట్టె పాడైతే నేర్పిందంతా పోతుంది. అందుకని నకలు తీసి దాస్తాను" అని ఆయన ఓపిగ్గా చెప్పాడు. "అంటే అక్కడా అదే పనా!" అంది అత్తగారు.

మొదట్లో ఆయన లాప్‌టాప్ చంకన పెట్టుకుని అంతస్తు అంతస్తూ తిరిగి, పెట్టె పెట్టెకీ తీగ తగిలించి ఆ నకళ్లు తెచ్చుకునేవాడు. తరవాత ఈ పని కోసమే ఉన్న ఒక వెబ్ పేజీ పెట్టుకున్నాడు. అది తనంతట తనే రోజూ పెట్టెలన్నిట్లోకీ వెళ్లి నకళ్లు తెస్తుంది. తెచ్చాక ఆ పెట్టె పేరు పక్కన పచ్చ టిక్కు పెడుతుంది. నొక్కితే నిన్నటి నకలూ ఇవాళ్టి నకలూ పక్కపక్కన చూపిస్తుంది. పోయిన వరసలు ఎర్రగా, కొత్తవి పచ్చగా. ఆ పేజీ అంటే ఆయనకి పంచప్రాణాలు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని ముందు కూర్చుని, పైనుంచి కిందదాకా పచ్చగా ఉందని చూసుకుంటే గాని రోజు మొదలయ్యేది కాదు. మార్పు జరిగినప్పుడల్లా అది ఈమెయిల్లో ఉత్తరం పంపేది. ఏ పెట్టె తన గడియారం సరిచేసుకున్నా ఉత్తరమే. ఆ గోల పడలేక ఒకనాడు ఉత్తరాలు ఆపేశాడు. టిక్కులున్నాయిగా, ఇంకేం కావాలి?

ఒక ఉదయం ల్యాబ్ అంతస్తులో నీళ్ల గొట్టం పగిలి, అక్కడి పెట్టె నిలువునా తడిసిపోయింది. రక్తపరీక్షల ఫలితాలు డాక్టర్ల తెరల మీదికి రావడం ఆగిపోయింది. ల్యాబ్ పెద్దావిడ, ఆసుపత్రంతా అక్కా అని పిలిచే మనిషి, కాగితాలు పట్టుకుని మెట్లెక్కి దిగడం మొదలుపెట్టింది. "నకలు సారున్నాడుగా, ఎంతసేపు" అన్నారందరూ. ఆయనా అదే అనుకున్నాడు. కొత్త పెట్టె బిగించి, పేజీ తెరిచి, పచ్చ టిక్కు మీద నొక్కాడు.

లోపల ఒక్కటే వరస ఉంది. మీ పాస్‌వర్డు గడువు తీరింది, మార్చుకోండి అని.

పాస్‌వర్డులకి గడువు పెట్టాలని పైనుంచి ఎప్పుడో ఆదేశం వచ్చింది. కొన్ని పెట్టెలకి విడిగా ఉన్న పాస్‌వర్డు సంగతి ఈయన మరిచిపోయాడు. గడువు తీరాక పెట్టె ఆ పేజీని గుమ్మంలోనే ఆపేస్తోంది. ఆ గుమ్మంలో అన్న మాటనే పేజీ భద్రంగా నకలు తీసి, టిక్కు పెట్టి, రోజూ దాస్తోంది. ఏదో ఒకటి చేతికొచ్చిందా లేదా అన్నదే దాని లెక్క. వచ్చిందేమిటో చదవాల్సింది మనిషి. నకళ్ల మీద నకళ్లు తీసిన ఈ మహానుభావుడు ఒక్కటంటే ఒక్కటి తెరిచి చూసిన పాపాన పోలేదు.

వెనక్కి వెళ్లి వెళ్లి ఆఖరి అసలు నకలు పట్టుకున్నాడు. అది ల్యాబుకి కొత్త మెషీన్లు రాకముందుది. మిగతాది అడిగి తెలుసుకోవాల్సిందే. అక్క చేతిలో కాగితాలతోనే ఆయన వెంట తిరిగింది. "ఇది దీన్లోకి, అదిగో ఆ పెద్దది కిటికీ పక్కదాన్లోకి" అని చూపించింది. మధ్యాహ్నానికి ఫలితాలు మళ్లీ కదిలాయి.

ఆయన గదిలోకొచ్చి, తలుపేసుకుని, మిగతా టిక్కులన్నీ నొక్కి చూశాడు. ఇంకో మూడు పెట్టెలదీ అదే కథ. అందులో ఒకటి ఆపరేషన్ థియేటర్లది.

ఆలోగా పెద్ద డాక్టరమ్మ అందర్నీ తన గదికి పిలిచింది. "ఇవాళ మన పరువు నిలబెట్టింది నకలు సారు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. నోరు మూసుకుంటే పేరు దక్కుతుంది. మిగతావి మెల్లిగా, ఎవరికీ తెలియకుండా సరిచేసుకోవచ్చు. కాని థియేటర్ల పెట్టె ఆ మెల్లిగాలోనే పోతే?

"ల్యాబుది సరైన నకలు లేదమ్మా" అన్నాడు లేచి. "ఉందనుకున్నాను. ఎప్పుడూ చదవలేదు."

"నెలనెలా అన్నీ భద్రం అని చెప్పావు కదయ్యా!" అంది డాక్టరమ్మ.

"చెప్పానమ్మా."

"ఇంకెన్ని అలా ఉన్నాయి?" అని అడిగింది అక్క. మిగతావాళ్లు ఆయన మొహం చూస్తున్నారు. ఆవిడ మాత్రం అప్పుడే పని గురించి ఆలోచిస్తోంది.

"మూడు. థియేటర్లది ముందు చూడాలి. లోపలికెళ్లాలి. కాసేపు ఆపరేషన్లు ఆపాలి."

డాక్టరమ్మ ఆయన్ని కోపంగా చూసి, ఫోనెత్తింది. "లోపలున్న కేసు అయ్యాక తరవాతది ఆపండి. నకలు సారొస్తున్నాడు."

థియేటర్ల గుమ్మం ముందు స్ట్రెచర్ మీద ఒక పెద్దాయన ఉన్నాడు. పక్కన ఆయన భార్య. "మావారిని లోపలికి తీసుకెళ్తామని ఆపేశారు. ఏమైంది బాబూ?" అని అడిగిందామె.

మెషీను సమస్య అంటే సరిపోయేది. ఆసుపత్రుల్లో రోజూ అనే మాటే. డాక్టరమ్మ ముందు ఒప్పుకోవడమే ఇంతకన్నా తేలిక అనిపించింది ఆయనకి ఆ క్షణంలో.

"తప్పు నాదమ్మా. లోపల తెరలన్నీ ఒక పెట్టె మీద నడుస్తాయి. మీవారు లోపల ఉండగా అది పోతే, వెంటనే బాగుచెయ్యడానికి నా దగ్గరేమీ లేదు. ముందు అది చూసుకుంటాను."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. తిట్టలేదు. "అయితే తొందరపడకు నాయనా. సరిగ్గా చూసుకో" అంది.

తిట్టినా బాగుండేది. ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

లోపల పాస్‌వర్డు మార్చి నకలు తీశాడు. టిక్కు పడింది. దాన్ని వదిలేసి, నకలు తెరిచి, మొదటి వరస నుంచి గట్టిగా చదివాడు. వెంటొచ్చిన అక్క ఒక్కో తీగా పట్టుకుని "ఉంది", "ఉంది" అంటూ వచ్చింది. ఒకచోట "ఆగు, మళ్లీ చదువు" అంది. చదివాడు. బయట మనుషులు ఎదురుచూస్తున్నారని తెలిసినా, ఒక్క వరసా మింగలేదు.

"అయిందా బాబూ?" అంది పెద్దాయన భార్య, ఆయన బయటికి రాగానే.

"అయిందమ్మా. మొత్తం చదివాను."

స్ట్రెచర్ లోపలికి వెళ్లింది. తలుపులు మూసుకున్నాయి. మిగిలిన రెండు పెట్టెలూ రేపటివి. ఇవాళ్టికి ఆయన పని అయిపోయింది. అయినా వెళ్లబుద్ధి కాలేదు. ఆమె పక్క కుర్చీలో కూర్చుని, ఆ తలుపు మళ్లీ తెరుచుకునేదాకా ఉన్నాడు.