వెర్రితలలు వేసిన అరటి

పండ్లతోటల పరిశోధన కేంద్రంలో ఆమెను అందరూ తెగులమ్మ అనేవారు. ఎదురుగా అనరు గానీ, వినపడేంత దగ్గర్లోనే అంటారు. నిండుగా కాసిన గెల చూస్తే ఆమెకు ఆవలింత వచ్చేది. ఆకులు ముడుచుకుపోయి, తోటమాలి తల పట్టుకుని కూర్చుంటే మాత్రం మొహం వెలిగిపోయేది. అరటికీ బొప్పాయికీ పట్టే వైరస్‌లు ఎక్కడెక్కడ ఎలా మారుతున్నాయో చూడటమే ఆమె ఉద్యోగం. కొత్త కోడలిగా అత్తారింట్లో అడుగుపెట్టిన రోజే పెరట్లో మచ్చలు పడ్డ బొప్పాయి ఆకు తుంపి చేతిసంచిలో దాచుకున్న మనిషి.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. సాయంత్రం కొట్టు కట్టేసి స్కూటర్ మీద కేంద్రానికి వచ్చి, ఆమె పని తెమిలేదాకా తోటలో తిరుగుతుంటాడు. నోట్లో నాలుక లేనివాడని పేరు. అక్కంటే ప్రాణం.

ఆ అక్కే ఒకరోజు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, పక్కింటి దర్జీ నా అరటికి రోగం అంటించాడు. నువ్వొచ్చి తేల్చు."

తెగులమ్మ ఎగిరి గంతేసి వెళ్లింది. ఏడాది కిందట నాటిన అరటి మోకాలెత్తు దాటలేదు. సన్నటి ఆకులన్నీ చీపురుకట్టలా నడినెత్తిన గుబురుగా నిక్కబొడుచుకున్నాయి. ఆకు ఈనెల వెంట ముదురాకుపచ్చ చుక్కలు, గీతలు.

"వెర్రితల, వదినా!" అంది మురిసిపోతూ.

"ఎవర్నే అంటున్నావ్?"

"అరటిని. ఆ తెగులు పేరే అది."

గోడ మీంచి దర్జీ తల లేచింది. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. "నాదీ అలాగే ఉందమ్మా. వీళ్ల పేనుబంకే మా పెరట్లో పడింది. పేనుబంకే కదా ఈ రోగం మోసేది?"

"పడితే మీ పిల్లి పడాలి మా పెరట్లో, మా పురుగులు ఎక్కడికీ పోవు!" అంది వదిన.

తెగులమ్మ రెండు పెరళ్ల నుంచీ ఆకులు కోసుకుని బయటపడింది. వైరస్ ఒకటే అయినా ప్రాంతం మారితే దాని జన్యువుల రాత అక్కడో అక్షరం ఇక్కడో అక్షరం మారుతుంది, మన మాటలో యాస మారినట్టు. ఆ రాత చదివితే ఎవరి రోగం ఎవరికి అంటిందో తెలుస్తుంది.

చదివింది. రెండు రాతలూ వేరు. దర్జీ చెట్టుది ఈ చుట్టుపక్కల మామూలుగా కనిపించే రకం. వదిన చెట్టుది ఈ దేశంలోనే లేదు. ఎక్కడో దూరపు దీవి నుంచి తెప్పించి, కేంద్రంలో వలగది కట్టి అందులో పెంచుతున్న జబ్బు మొక్కల్లో ఉన్న రకం. ఒక్క అక్షరం తేడా లేదు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మామూలుగా అడిగింది. "ఏమండీ, వదినకి ఆ అరటి పిలక ఎవరిచ్చారు?"

భర్తకు పొలమారింది. నెత్తి మీద తట్టి, నీళ్లిచ్చి, జవాబు కోసం ఎదురుగా కూర్చుంది.

"తోటమాలి వలగది తలుపు తీసిపెట్టి పైపు కోసం వెళ్లాడు," అన్నాడు చివరికి. "వలకట్టి మరీ పెంచుతున్నారంటే మేలురకమే అనుకున్నా. పొట్టిగా ముద్దుగా ఉందని..."

"రోగంతో గిడసబారి పొట్టిదైంది మహానుభావా!"

పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. ఆ రకం బయటి తోటల్లోకి పాకితే నవ్వులాట కాదు. పొద్దున్నే డైరెక్టర్ దగ్గరికి మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. డైరెక్టర్ ఇద్దరికీ చీవాట్లు పెట్టి, ఆ వీధిలో అరటి ఉన్న ప్రతి పెరడూ వెతికించాడు. ఇంకెక్కడా ఆ రకం లేదని తేలేదాకా తెగులమ్మకు ముద్ద దిగలేదు. మొదటిసారి, జబ్బులేని ఆకు చూసి సంతోషించింది.

పురుగుమందు కొట్టాక వదిన అరటిని దుంపతో సహా తవ్వే పని భర్తకే పడింది. వదిన అరుగు మీద కూర్చుని చూసింది.

"అక్కకి తేవడానికి నీకు రోగమే దొరికిందిట్రా?"

"ప్రేమగా తెచ్చానక్కా."

"ఆ ప్రేమని ఇంకా లోతుకి తవ్వు. వేరు మిగిలిపోతోంది."

గోడవతల దర్జీ కిసకిస నవ్వాడు. తెగులమ్మ అటు తిరిగి, "మీదీ ఈయనే తవ్వుతారు లెండి," అంది. ఆ చెట్టు జబ్బుతో తనకు ఏ సంబంధమూ లేదని భర్త నోరు తెరవబోయి, భార్య చూపు చూసి, గునపం భుజాన వేసుకుని గోడ చుట్టూ తిరిగి వెళ్లాడు.

కేంద్రం వాళ్లు రెండిళ్లకీ జబ్బులేని మొక్కలు ఇచ్చారు. అవి ఏపుగా పెరిగి గెలలు వేశాయి. వదిన తన గెలలో సగం కోసి దర్జీకి పంపింది. తన గెల పెద్దదా, ఆవిడ గెల పెద్దదా అని అతను టేపు పట్టుకుని గోడెక్కాడు. ఇప్పుడు ఆ గొడవ నడుస్తోంది.