నేను పోసిన మందు

మెల్‌బోర్న్‌లో చదువుకునే రోజుల్లో నేను పిస్టల్ క్లబ్ మెంబర్ని. శనివారాలు అక్కడ పెద్ద రివాల్వర్ల తూటాల్లో మందు పోసి, గుండుకు బదులు సన్నని సీసపు రవ్వలు నింపేదాన్ని. ఓ సాయంత్రం ఫ్రెండుతో ఫోన్లో, "పొద్దున్నుంచీ మందు పోస్తూనే ఉన్నానే" అన్నాను. అది మా ఇంటి ఓనర్ ఆంటీ చెవిన పడింది.

మర్నాడు తెలుగు చర్చి లంచ్‌లో అందరి ముందూ, "ఈ పిల్ల పొద్దున్నే మందు మొదలెడతందండీ! రూమ్ ఖాళీ చేయించేస్తా" అన్నారావిడ. పలావు తింటున్న చేతులన్నీ ఆగిపోయాయి. నాకు ఒళ్లు మండింది. బ్యాగులోంచి కాల్చేసిన ఖాళీ తూటా తీసి ఆవిడ ముందు పెట్టాను.

"అవునాంటీ, పోస్తా. గ్లాసులో కాదు, ఇందులో. తుపాకీ మందు!"

"ఆడపిల్లవి, నీకెందుకే ఇయన్నీ?"

"నేను నింపిన తూటా ఒక్కటీ తుస్సుమనలేదాంటీ. అందుకు."

తర్వాతి శనివారమూ వెళ్లాను. రూమూ ఖాళీ చేయలేదు. ఆంటీ మాత్రం నా ముందు 'మందు' అనడమే మానేశారు. దగ్గొచ్చినా "సిరప్" అంటారు.

— ఓ పాఠకురాలు, క్లేటన్