నాన్న టీవీ, బాబాయి టీవీ

నగరంలో ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్‌లో మేముండే రెండు గదుల ఇంట్లో కొన్నాళ్ళు రెండు ఫ్లాట్ టీవీలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి మాది. ఓడల కార్ఖానాలో పనిచేసే నాన్న నాలుగు దుకాణాలు తిరిగి, తానొక్కడే ఎంచి తెచ్చినది. అంతకు ముందు ఇంటికి ఏం కొనాలన్నా అమ్మనో, బాబాయినో అడిగేవాడు. రెండోది బాబాయిది. అదే నగరంలోని భవానీపూర్‌లో అద్దె ఇల్లు మారుతూ, కొత్త ఇంటికి రంగులు వేసేదాకా మా దగ్గర ఉంచాడు.

ఆ ఆదివారం అయిదు రోజుల క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది. బాబాయికి సరదా పుట్టి, మేమంతా ‘దాదా’ అని పిలిచే కేబుల్ అతన్ని రప్పించి రెండు టీవీలకూ కనెక్షన్ వేయించాడు. రెంటిలోనూ ఒకే ఆట. బాబాయి టీవీలో మైదానం అప్పుడే వాన వెలిసినట్టుంది. మాదానిలో గడ్డి మసకగా, కాస్త నీలంగా ఉంది.

“ఏటన్నియ్యా, నీ గ్రౌండుకి నీళ్ళు పెట్టడం మానేసినారేటి?” అన్నాడు బాబాయి.

“నాకు రెండూ ఒకేలాగున్నాయిరా.”

“కళ్ళజోడెట్టుకుని చూడు.”

“ఎట్టుకునే ఉన్నాను కదేటి!”

అమ్మ నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. తర్వాత కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకుని, ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు. రిమోట్ తీసుకుని రంగు పెంచితే ఆటగాళ్ళ ముఖాలు ఎర్రగా అయిపోయాయి. మళ్ళీ తగ్గించాడు. టీ చల్లారుతున్నా పట్టించుకోకుండా, ఏదో తేవాలంటూ బజారుకు వెళ్ళిపోయాడు. ఏమీ తేకుండానే తిరిగొచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను మా టీవీ తుడుస్తుంటే, తెర మూలన గోరుకు ఏదో తగిలింది. తెరంతటా కంపెనీవాళ్ళు అంటించిన పల్చటి ప్లాస్టిక్ కవరు. టీవీ తెచ్చిన రోజునే నాన్న చెప్పాడు: “దీన్నెవరూ పీకకండి. పీకితే రేపటికి పాతదైపోద్ది.” మా ఇంట్లో అంతే. ఫ్రిజ్ హ్యాండిల్‌కైనా, కుర్చీ సీటుకైనా కవరు దానంతటది చిరిగిపోయేదాకా ఉండాల్సిందే. రెండేళ్ళలో ఈ కవరు ఉందన్న సంగతే మేమంతా మరిచిపోయాం. లోపల బుడగలు లేచి, అంచుల్లో దుమ్ము చేరి ఉంది. బొమ్మ మసక దీనివల్లే.

అందరి ముందూ చెబితే బాబాయి ఇక ప్రతి పెళ్ళిలోనూ ఈ కథే చెబుతాడు. అసలు నలుగురిలో నోరు విప్పడం నాకు రాదు కూడా. నాన్నతో విడిగా చెబుదామంటే, ఆయన ముఖం ఎలా అయిపోతుందోనని భయం. అమ్మ రేషన్ దుకాణానికి వెళ్ళగానే, ఒక మూల పట్టుకుని మెల్లగా లాగాను. అది చేసిన చప్పుడుకు ఒకసారి తలుపు వైపు చూసి, మిగతాది లాగేశాను.

సాయంత్రం నాన్న వచ్చి టీవీ పెట్టాడు. అలాగే నిలబడిపోయాడు. బొటనవేలితో తెర అంచంతా తడిమాడు. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.

“అమ్మడూ, నువ్వేనేటి?”

“ఆఁ.”

“బాబాయికి సెప్పినావేటి?”

“లేదు నాన్నా.”

నాన్న నా పక్కన మంచం మీద కూర్చుని, చాలాసేపు నోరు తెరుచుకుని ఆట చూశాడు.

మరుసటి రోజు బాబాయి వచ్చేసరికి రెండు టీవీలూ పెట్టి ఉన్నాయి. నిజం చెప్పాలంటే, బాబాయిదే ఇంకా కొంచెం మెరుగు. నీడలో నిలబడ్డ ఆటగాడి ముఖం దానిలో తెలుస్తోంది, మాదానిలో తెలియడంలేదు. బాబాయి ఆ నీడవైపు చూశాడు. తర్వాత అన్నగారి వైపు చూశాడు.

“రెండూ ఒకటేనన్నియ్యా. ఏటి సేసినావు?”

“అమ్మడు సెట్టింగు మార్చింది,” అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.

“మరి దీని మొహం చూస్తే ఇంత తెలివుందనిపించదే!” అని బాబాయి నా నెత్తిన మొట్టాడు.

నాన్న రిమోట్ తీసుకుని మా టీవీ ఆపేశాడు. “నీదే ఉంచుదాంరా. అందులో ముఖాలు బాగా కనబడతన్నాయి,” అంటూ తన పక్కకు బాబాయి కోసం కుర్చీ లాగాడు.