గుడ్లగూబమ్మ సున్నా

వెర్నా లిండ్‌క్విస్ట్ అసలు పేరు ఆ అడవి బడిలో పిల్లలెవరికీ తెలియదు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రపు ఆరో తరగతి పిల్లలు వారం రోజుల పాటు అక్కడికొచ్చి వానలో తడుస్తూ, బురదలో పొర్లుతూ చదువుకుంటారు. అక్కడ పనిచేసే పెద్దలందరికీ అడవి పేర్లే. వెర్నా గుడ్లగూబ. వంటవాడు హార్లన్ ఎలుగుబంటి. చెట్ల పాఠం చెప్పే పొడుగాటి కుర్రవాడి పేరు నత్త, పాపం.

అంతకుముందు ఆవిడ చెర్రీపళ్ళ షెడ్డులో పద్దెనిమిదేళ్ళు తూకం వేసింది. ఇక్కడికొచ్చాక ఇరవై రెండేళ్ళుగా ఎంగిలి తూకం వేస్తోంది. ప్రతి భోజనం తర్వాత పళ్ళాల్లో మిగిలిందంతా ఒకే బకెట్‌లో పోయించి, తొంభైమంది పిల్లల ముందు దాన్ని కాటాకి తగిలిస్తుంది.

"మూడు పౌండ్లు! ఇందులో ఏం పారబోశారర్రా?"

"వాన!" అని అరుస్తారు పిల్లలు.

"ఇంకా?"

"మట్టి! రైతు కష్టం!"

"మా టీచరుగారి బఠాణీలు!" అని వెనకబెంచీ నుంచి ఎవరో ఒకరు టీచరు పరువు తీస్తారు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి భోజనానికి ముల్లు సున్నా మీద నిలవాలి. అదొక్కటే వెర్నా కోరిక. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ నిలవలేదు. పిల్లలు సోమవారం నుంచి బుద్ధిగా తగ్గించుకుంటూ వచ్చి, గురువారం రాత్రికి చెంచాడు మిగుల్చుతారు. శుక్రవారం బకెట్ మళ్ళీ ఎర్రగా నిండుతుంది. ఎందుకంటే శుక్రవారం హార్లన్ వెనిగర్ పోసి బీట్‌రూట్ వండుతాడు, పైగా పళ్ళానికో గరిటెడు తనే వడ్డిస్తాడు. వద్దన్నవాళ్ళ వైపు అతను చూసే చూపుకి ఎవరికైనా జాలేస్తుంది. పళ్ళెం చాపక తప్పదు.

"ఈ కాలం పిల్లలకి నాలుక తప్ప బుద్ధి లేదు," అని ప్రతి శుక్రవారం సాయంత్రం విసుక్కుంటూ ఇంటికెళ్ళేది వెర్నా.

ఈ శుక్రవారం ఆవిడ ఉద్యోగానికి ఆఖరి రోజు. ఆ సంగతి పిల్లలకెలా తెలిసిందో తెలిసింది. ముక్కులు మూసుకుని తిన్నారు. కళ్ళు మూసుకుని తిన్నారు. వాళ్ళ టీచరు చింగ్ గారు తినలేని నలుగురి వాటాలూ తన పళ్ళెంలో వేయించుకుని, మొహం కందగడ్డలా పెట్టుకుని నమిలేశారు. బకెట్ ఖాళీగా వచ్చింది. కాటాకి తగిలించారు. ముల్లు కదల్లేదు.

"సున్నా!" అంది వెర్నా. హాలు దద్దరిల్లిపోయింది. నత్త ఏకంగా బల్లెక్కి గెంతాడు. వెర్నా సుద్దముక్క తీసుకుని నల్లబల్ల వైపు నడిచింది.

"గుడ్లగూబమ్మా," అంది ముందు వరసలో కూర్చున్న మారిసోల్ అనే అమ్మాయి. "మీ పళ్ళెం తూకం వెయ్యలేదేం?"

వెర్నా సుద్దముక్క నల్లబల్ల ముందే ఆగిపోయింది. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆవిడకి బీట్‌రూట్ వాసనే పడదు. తూకమయ్యాక తింటానని పళ్ళెం పక్కన పెట్టుకుని, పిల్లలు బస్సెక్కగానే వంటింటి వెనక ఎరువు కోసం పెట్టిన వానపాముల డబ్బాలో కుమ్మరించి, ఖాళీ పళ్ళెం హార్లన్‌కి అందించేది. వానపాములు తింటే వృథా కాదుగా అని తనకి తనే సర్దిచెప్పుకునేది.

"తింటానమ్మా, తర్వాత తింటాను," అంది.

"తర్వాతంటే సున్నా కూడా తర్వాతే కదా," అంది మారిసోల్, తప్పేమీ లేనట్టు.

తొంభైమంది చూస్తున్నారు. వెర్నా కూర్చుంది. మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒకటీ!" అన్నారు పిల్లలు. "రెండూ!" ఏడో చెంచాకి దగ్గొచ్చి గడ్డం మీదుగా ఎర్రటి రసం కారింది. పదకొండో చెంచాతో పళ్ళెం ఖాళీ అయింది.

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని హార్లన్ నిలబడ్డాడు.

"వెర్నా, నీకు బీట్‌రూట్ ఇష్టం కాదూ?"

"చచ్చినా కాదు."

"మరి మొదటివారం అమృతంలా ఉందన్నావే! వారం వారం పళ్ళెం అద్దంలా ఇచ్చేదానివే!"

"నువ్వు నొచ్చుకుంటావని అన్నానయ్యా బాబూ!"

హార్లన్ అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. "నీకిష్టమని కాదూ ఇన్నేళ్ళూ వండి చచ్చాను! ఆ గిన్నెలు తోమలేక, ఆ మరకలు వదిలించలేక... లేకపోతే శుక్రవారం హాయిగా మక్కరోనీ చేసేవాణ్ణి."

మక్కరోనీ మాట విని హాలంతా గొల్లుమంది. వెర్నాకి ముందు నవ్వొచ్చింది. అంతలోనే ఇరవై రెండేళ్ళ శుక్రవారాలూ గుర్తొచ్చి, తను తిట్టుకున్న పిల్లలంతా గుర్తొచ్చి, సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"ఇన్నేళ్ళూ పిల్లల్ని ఊరికే తిట్టుకున్నానర్రా. ఆ బకెట్ నింపింది నేనే," అంది.

"పోనీలెండి గుడ్లగూబమ్మా," అంది మారిసోల్. తర్వాత హార్లన్ వైపు తిరిగింది. "ఎలుగు బాబాయ్, మీ పళ్ళెం ఎక్కడ?"

హార్లన్ చూపు వానపాముల డబ్బా వైపు వెళ్ళింది.

వెర్నా లేచి, వంటింట్లోంచి నిండు పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టి, చేతిలో చెంచా పెట్టింది.

"ఊఁ, కానియ్యి," అంది. "ఒకటీ!"